నలభై దాటిన ఇల్లాలు

అమ్మాయికి పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళింది. అబ్బాయి ఉద్యోగరీత్యా హైదరాబాదు చేరాడు. తెల్లవారగట్ల లేచి ఎవరికీ క్యారేజీ కట్టే పని లేదు. చూసినవారు "ఇంకేం తల్లీ, నీకేం లోటు!" అంటారు. ఆ ఇల్లాలికి మాత్రం పగలు గడవదు, రాత్రి నిద్ర పట్టదు. చిన్న మాటకే కళ్ళనీళ్ళు తిరుగుతాయి. ఉన్నట్టుండి ఒళ్ళంతా ఆవిరి కమ్మినట్లయి చెమటలు పోస్తాయి. "ఈమధ్య మీ అమ్మకు చాదస్తం ఎక్కువైంది" అని భర్తగారు తేల్చేస్తారు. రాజమహేంద్రవరంలోనైనా, అమలాపురంలోనైనా, భీమవరంలోనైనా ఇటువంటి ఇల్లు మనకు తెలియనిది కాదు.

ఇది చాదస్తమూ కాదు, రోగమూ కాదు. మన దేశపు స్త్రీలకు ముట్లుడిగే వయసు సగటున 46, 47 ఏళ్ళు. అంతకు కొన్నేళ్ళ ముందునుంచే అండాశయాలలో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఎగుడుదిగుడవుతుంది. దానివల్ల నిద్ర చెడుతుంది. నిద్ర చెడితే మనసూ చెడుతుంది. సరిగ్గా అప్పుడే పిల్లలు దూరమవుతారు, అత్తమామలు మంచాన పడతారు. అటు శరీరమూ ఇటు సంసారమూ ఒక్కసారే మారుతున్నప్పుడు దిగులు పుట్టడంలో వింత ఏముంది?

వింత ఏమంటే, ఈ బాధలను మనవారు కత్తితో వదిలించుకోవాలనుకోవడం. "ఇక పిల్లలు కనేది లేదు గదా, గర్భసంచి తీయించేస్తే పీడా పోతుంది" అన్న మాట మన ఊళ్ళలో ఎంత తేలికగా వినిపిస్తుందో సోదరీమణులకు వేరే చెప్పాలా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంమీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. అనవసరపు ఆపరేషన్లను అరికట్టాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించవలసి వచ్చింది.

కాన్సరు, మందులకు లొంగని రక్తస్రావం వంటివి ఉంటే ఆపరేషన్ అవసరం కావచ్చు. కాని ఒప్పుకునేముందు మరొక డాక్టరు సలహాకూడా తీసుకోవాలి. గర్భసంచితోపాటు అండాశయాలనూ తీసేస్తే, కొన్నేళ్ళమీద నెమ్మదిగా రావలసిన మార్పు ఒక్కరోజులో వచ్చి పడుతుంది. ఎముకలు గుల్లబారే ముప్పు, గుండెజబ్బు ముప్పు పెరుగుతాయి. ముట్లు ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనిపిస్తే మాత్రం సిగ్గుపడక వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.

మరి మనసు మాట? మన డెల్టాలో వేసవిలో కాలువలు కట్టేస్తారు. గోదావరి ఇంకిపోయిందని కాదు. పూడిక తీసి, గట్లు బాగుచేసి, తిరిగి నీరు వదలడానికి. నడివయసు కూడా అటువంటిదే.

రాజమహేంద్రవరంలో 1909లో పుట్టిన దుర్గాబాయిగారి జీవితం చూడండి. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆమె ఆ బంధాన్ని కాదనుకున్నారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళారు. ప్రైవేటుగా మెట్రిక్ పరీక్ష ప్యాసై, లా వరకూ చదివారు. 1953లో, 43 ఏళ్ళ వయసులో, కేంద్ర ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడారు. ఆ ఏడాదే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. బడి వయసు దాటిపోయిన స్త్రీలకోసం ఆ బోర్డు 1958లో సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. మధ్యలో ఆగిన చదువు విలువ ఆమెకు అనుభవపూర్వకంగా తెలుసు.

అందరమూ దుర్గాబాయిలం కానక్కరలేదు. కాని ఇంతకాలం ఒకరి భార్యగా, ఒకరి కోడలుగా, ఒకరి తల్లిగా బతికిన మనిషి "నాకేం కావాలి?" అని ఒక్కసారి ప్రశ్నించుకోవడం స్వార్థం కాదు. అదే ఎదుగుదల. పదోతరగతి మిగిలిపోయిందా? ఓపెన్ స్కూలులో కట్టవచ్చు. ఇంత వయసు దాటకూడదన్న నిబంధన లేదు. సంగీతం మూలబడిందా? మళ్ళీ శ్రుతి పెట్టండి. సాయంకాలం ఒక స్నేహితురాలితో గోదావరి గట్టున అరగంట నడవండి: ఎముకలకూ మంచిది, మనసుకూ మంచిది. ఇంట్లోవారు చేయవలసిందల్లా ఆ గంట ఆమెకు వదలడం, వంటపనిలో ఒక చెయ్యి వేయడం.

రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే, బతుకుమీద విరక్తి కలిగితే, ఓర్చుకోవడం గొప్ప కాదు. డాక్టరును చూడాలి. 14416కు ఫోను చేస్తే టెలిమానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఇవ్వనక్కరలేదు.

ఇరవయ్యో ఏట కాపురానికి వచ్చిన ఇల్లాలికి 46వ ఏట ముట్లుడిగాయనుకుందాం. సంసారంలో గడిచినవి 26 ఏళ్ళు. సగటు ఆయుర్దాయం లెక్కన ఇంకా ముందున్నవి సుమారు 30. ఆ ముప్పై ఏళ్ళూ మూలన కూర్చుని వెళ్ళదీయవలసినవి కావు సుమా!