ఐదో తరగతి బిడ్డకు రెండో తరగతి పాఠం రాకపోతే? మదనపల్లె పల్లెబడులు చూపిన దారి

మీ ఇంట్లో ఐదో తరగతి చదివే బిడ్డ ఉందా? ఈ రోజే ఒక చిన్న పని చేసి చూడండి. రెండో తరగతి తెలుగు వాచకం తెచ్చి, మధ్యలో ఏదో ఒక పేజీ తీసి, "చదువు బేటీ, వింటాను" అనండి. తడబడకుండా చదివితే అల్‌హమ్దులిల్లాహ్. చదవలేకపోతే కోప్పడకండి. మీ బిడ్డ ఒక్కతే కాదు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షించే 'అసర్' సర్వే 2022లో తేల్చిన లెక్క ప్రకారం, దేశంలోని పల్లెల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతమే. అంటే సగానికి పైగా పిల్లలు బడికి వెళ్తున్నారు, పరీక్షలు రాస్తున్నారు, పై తరగతికి పోతున్నారు, కానీ రెండో తరగతి పాఠం చదవలేకపోతున్నారు.

ఇలాంటి బిడ్డ ఎనిమిదో తరగతికి వచ్చేసరికి బడి అంటేనే విసుగు పుడుతుంది. అబ్బాయి అయితే మెకానిక్ షెడ్డుకో, చికెన్ షాపుకో పోతాడు. అమ్మాయి అయితే "చదువు ఎక్కట్లేదు కదా, పెళ్లి చేసేద్దాం" అనే మాట ఇంట్లో మొదలవుతుంది. బడి మానడం ఆ రోజు జరిగినట్టు కనిపిస్తుంది. అసలు మానేయడం మాత్రం మూడో తరగతిలోనే మొదలై ఉంటుంది.

శ్రీ సిటీ చుట్టుపక్కల ఈ చిక్కు ఇంకా ముదురు

శ్రీ సిటీ 2008లో మొదలైంది. ఇప్పటి తిరుపతి జిల్లాలో సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల పల్లెల నడుమ, తమిళనాడు సరిహద్దును ఆనుకుని, చెన్నైకి సుమారు 55 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇసుజు బండ్లు, మెట్రో రైలు పెట్టెలు, చాక్లెట్లు, సెల్ ఫోన్లు ఇక్కడ తయారవుతాయి. 2013లో ట్రిపుల్ ఐటీ, 2018లో క్రియా యూనివర్సిటీ వచ్చాయి. పని వెతుక్కుంటూ రాయలసీమ, నెల్లూరు వైపు నుంచే కాదు, తమిళనాడు నుంచీ ఉత్తరాది రాష్ట్రాల నుంచీ మనుషులు వస్తున్నారు. తడ, సూళ్లూరుపేట, సత్యవేడుల్లో అద్దె ఇళ్లు తీసుకుని షిఫ్టులకు పోతున్నారు.

ఇలాంటి చోట మన ఇంటి బిడ్డ సంగతి ఆలోచించండి. ఇంట్లో 'పానీ' అంటుంది, వీధిలో 'నీళ్లు' అంటుంది, పక్కింట్లో 'తణ్ణి' వింటుంది, బడిలో 'వాటర్' రాస్తుంది. నాలుగు భాషలు చెవిన పడడం నిజానికి వరమే. కానీ ఏ ఒక్క భాషలోనూ చదవడం కుదురుకోకముందే పుస్తకం ముందుకు పోతే, అదే వరం బరువవుతుంది. దానికి తోడు అబ్బా నైట్ షిఫ్ట్, అమ్మీకి ఇంటిపని, అద్దె ఇల్లు మారితే బడి మార్పు, ఊరికి పోతే నెల రోజుల నాగా.

మనం ఏం చేస్తాం? ట్యూషన్ పెడతాం. అక్కడ కూడా అదే ఐదో తరగతి పుస్తకమే మళ్లీ చెబుతారు. బడి మారుస్తాం. ఫీజు పెరుగుతుంది, చదువు అక్కడే ఉంటుంది. కొడతాం, తిడతాం. భయం ఒకటి అదనంగా చేరుతుంది. భాష, నాగాలు, భయం, టీచర్ల కొరత, ఇంట్లో చెప్పేవాళ్లు లేకపోవడం, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఒక్క పోగు పట్టుకుని లాగితే ముడి ఇంకా బిగుస్తుంది.

ఈ ముడిని విప్పిన పని ఒకటి ఎక్కడో విదేశాల్లో కాదు, మన పాత చిత్తూరు జిల్లాలోనే జరిగింది.

రిషి వ్యాలీ పల్లెబడులు

మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి పేరుతో ముడిపడిన రిషి వ్యాలీ స్కూలు చాలామందికి తెలుసు. అది ఫీజులు కట్టి చదివే రెసిడెన్షియల్ స్కూలు. దాని చుట్టూ ఉన్న పల్లెల బడుల గురించి తెలిసినవాళ్లు తక్కువ. వ్యవసాయ కూలీల, గొర్రెల కాపరుల పిల్లలు చదివే చిన్న చిన్న బడులవి. ఒకే గది, ఒకే టీచర్, ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులు. 1980ల చివరి నుంచి పద్మనాభరావు, రమ అనే దంపతులు అక్కడ పని చేస్తూ ఈ ఒంటి టీచర్ బడి ఎలా నడవాలో కొత్తగా ఆలోచించారు. ఆ కేంద్రాన్ని 'రివర్' అంటారు. వాళ్లు తయారు చేసిన సామగ్రికి 'స్కూల్ ఇన్ ఎ బాక్స్', అంటే పెట్టెలో బడి అనే పేరు వచ్చింది.

పద్ధతి అర్థం చేసుకోవడం కష్టం కాదు. పుస్తకంలోని పాఠాలను చిన్న చిన్న మెట్లుగా విడగొట్టారు. ఒక్కో మెట్టుకు ఒక కార్డు. కార్డు మీద ఒక బొమ్మ గుర్తు, ఒక అంకె. అన్ని మెట్లనూ చూపించే పెద్ద 'నిచ్చెన' పటం గోడకు ఉంటుంది. బిడ్డ వచ్చి నిచ్చెన మీద తానెక్కడ ఉందో చూసుకుంటుంది, తన కార్డు తీసుకుంటుంది, ఆ గుర్తు ఉన్న గుంపులో కూర్చుంటుంది. కొత్త విషయం నేర్చుకునే పిల్లల దగ్గర టీచర్ కూర్చుంటారు. కొంచెం వచ్చినవాళ్లకు తోటి పిల్లలు సాయం చేస్తారు. బాగా వచ్చినవాళ్లు సొంతంగా సాధన చేస్తారు.

దీనివల్ల మూడు చిక్కులు ఒకేసారి తగ్గాయి. మొదటిది నాగా. పంట కోతకో, చుట్టాల ఊరికో పోయి పది రోజుల తర్వాత వచ్చిన బిడ్డ వదిలిన మెట్టు దగ్గరే మళ్లీ మొదలుపెడుతుంది. "క్లాసు ముందుకు పోయింది" అనే మాటే ఉండదు. రెండోది సిగ్గు. వయసును బట్టి కాక వచ్చిన చదువును బట్టి కూర్చుంటారు కాబట్టి వెనకబడినవాళ్లను వేలెత్తి చూపడం ఉండదు. మూడోది టీచర్ భారం. అందరికీ ఒకేసారి అరిచి చెప్పే పని తప్పి, అవసరమైన నలుగురైదుగురి పక్కన కూర్చునే వీలు దొరుకుతుంది.

ఇక రెండో సంగతి, బడి అనే చోటు. ఊళ్లో చెప్పుకునే కథలు, పాటలు, పొడుపు కథలు పాఠాల్లోకి వచ్చాయి. తల్లులకు తెలిసిన కథలకు బడిలో విలువ దొరికింది. కొలతలు, తూకాలు, లెక్కలతో 'మెట్రిక్ మేళా' పెట్టి ఊరివాళ్లను పిలిచారు. నిశానీ వేసే తల్లి కూడా బడిలోకి బెరుకు లేకుండా రాగలిగింది. ఇక్కడ సృజన అంటే గోడకు రంగులు వేయడం కాదు. ఉన్న ఒక్క గదిని, ఉన్న ఒక్క టీచర్‌ను, ఊరి దగ్గర ఉన్న తెలివిని కొత్త రకంగా అమర్చడం.

పల్లె నుంచి పట్నానికి

1995లో కర్ణాటకలోని మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె తాలూకాలో 'నలి కలి' మొదలైంది. సంతోషంగా నేర్చుకోవడం అని దాని అర్థం. దానికి స్ఫూర్తి రిషి వ్యాలీ పల్లెబడులే. అక్కడి ప్రభుత్వ టీచర్లు వచ్చి చూసి, తమ భాషలో తమ కార్డులు తయారు చేసుకున్నారు. తర్వాత అది రాష్ట్రమంతా పాకింది, ఉర్దూ మీడియం బడులకూ చేరింది. 2003లో చెన్నై కార్పొరేషన్ 13 బడుల్లో ఇదే దారిలో కొత్త పద్ధతి మొదలుపెట్టింది. 2007 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ దాన్ని తీసుకెళ్లారు. పిల్లలు, టీచర్ చాప మీద కలిసి కూర్చోవడం, పిల్లల ఎత్తుకు అందేలా గోడ కింద నల్లబల్లలు ఉండడం అక్కడి బడుల గుర్తుగా మారాయి.

కార్డులు పంచితే చాలదు

ఇక్కడే జాగ్రత్త పడాలి. శ్రీ సిటీలోని క్రియా యూనివర్సిటీలో భాగంగా నడిచే ఐఎఫ్‌ఎంఆర్ బిజినెస్ స్కూల్ పేరు విన్నారు కదా. ఆ ఐఎఫ్‌ఎంఆర్ ఆధారంగానే 'జె-పాల్' దక్షిణాసియా కేంద్రం పనిచేస్తుంది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో ఈ జె-పాల్ వ్యవస్థాపకుల్లో ఉన్నారు. వాళ్ల బృందం 'ప్రథమ్' సంస్థతో కలిసి, పిల్లలను తరగతిని బట్టి కాక వచ్చిన చదువును బట్టి కూర్చోబెట్టే పద్ధతిని చాలా రాష్ట్రాల్లో పరీక్షించింది.

తేలింది ఇది. బీహార్, ఉత్తరాఖండ్‌లలో టీచర్లకు శిక్షణ, సామగ్రి ఇచ్చి వదిలేసిన చోట పెద్దగా మార్పు రాలేదు. టీచర్లు మళ్లీ సిలబస్ పూర్తి చేసే పనిలోనే పడిపోయారు. హర్యానాలో మాత్రం రోజుకు ఒక గంట ఈ పనికే కేటాయించి, ఆ గంటలో పిల్లల గుంపులు మార్చి, పైనుంచి ఒకరు వచ్చి చూసి చెప్పేలా చేస్తే చదవడం మెరుగుపడింది. ఉత్తరప్రదేశ్‌లో కొన్ని వారాల శిబిరాలతో కూడా మంచి ఫలితం వచ్చింది. సారాంశం ఏమిటంటే, సామగ్రి ఒక్కటే కాదు, దానికంటూ ఒక సమయం, ఒక చోటు, పట్టించుకునే ఒక మనిషి కావాలి.

మన మొహల్లాలో ఆ చోటు ఎక్కడ?

చోటు మన దగ్గర లేక కాదు. హైదరాబాద్ పాతబస్తీ నవాబ్ సాహెబ్ కుంటలోని మస్జిదె ఇస్హాఖ్‌లో 2018లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ ఉచిత క్లినిక్ తెరిచింది. ఏ మతంవాళ్లయినా వచ్చి చూపించుకోవచ్చు. నమాజు వేళలు తప్ప ఖాళీగా ఉండే చోటు బస్తీకి ఆసుపత్రి అయింది. మస్జిదె నబవీలోని సుఫ్ఫా అరుగు నాటి నుంచీ మస్జిద్‌కూ తాలీమ్‌కూ బంధం ఉంది కాబట్టి ఇది కొత్త ఆలోచన కూడా కాదు.

మక్తబ్ గది, పెళ్లిళ్లు లేని రోజుల్లో తాళం వేసి ఉండే శాదీఖానా, అద్దె ఇంటి వరండా, ఏదైనా సరే. కావలసింది రోజుకు ఒక గంట. ఇలా మొదలుపెట్టవచ్చు.

మొదట ప్రతి బిడ్డనూ పక్కకు పిలిచి ఐదు నిమిషాలు చదివించండి. అక్షరాలు, పదాలు, చిన్న పేరా, చిన్న కథ, ఎక్కడ ఆగిపోతుందో రాసుకోండి. నలుగురి ముందు చదివించవద్దు. ఉర్దూ చదవడం నేర్పుతుంటే దాన్ని వేరుగా చూడండి.

తర్వాత తరగతితో పని లేకుండా నాలుగు గుంపులు చేయండి. ఐదో తరగతి బిడ్డ అక్షరాల గుంపులో ఉండవచ్చు, పర్వాలేదు. నెలకోసారి మళ్లీ చదివించి గుంపు మార్చండి. బిడ్డ ఎంత ముందుకొచ్చిందో అమ్మీకి చెప్పండి.

సామగ్రి కొనక్కర్లేదు. పాత శుభలేఖల అట్టలు కార్డులవుతాయి. బిస్కెట్ ప్యాకెట్ల మీది పేర్లు, బస్సు బోర్డులు, కిరాణా చీటీలు పాఠాలవుతాయి. వారానికి ఒక రోజు నానీనో దాదీనో పిలిచి ఇంటి భాషలోనే ఒక కథ చెప్పించండి. అదే కథను పిల్లలు తెలుగులో చెబుతారు, పెద్ద గుంపు రాస్తుంది. ఆ రాతే మరుసటి రోజు చిన్న గుంపు చదివే పాఠం. ఇంటి భాష అడ్డు కాదు, మెట్టు అవుతుంది.

నేర్పడానికి ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయి చాలు. ఉత్తి చేతులతో పంపకండి, జమాత్ తరఫున నెలకు ఎంతో కొంత ఇవ్వండి. ఆ సంపాదనే ఆమె చదువు ఆగకుండా కాపాడవచ్చు.

కొన్ని నియమాలు మాత్రం గట్టిగా ఉండాలి. బెత్తం వద్దు, వెక్కిరింత వద్దు. గది తలుపు తెరిచే ఉండాలి, ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలి. తాగునీరు, వెలుతురు, బాత్రూమ్ లేని చోట ఆడపిల్లలు నిలవరు. తల్లులు వచ్చి కూర్చోగలగాలి. పక్కింటి తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, పనికోసం ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ల పిల్లలు అందరికీ రానివ్వాలి. వాళ్లతో ఆడుకుంటేనే మన పిల్లలకు భాష త్వరగా పట్టుబడుతుంది, పెద్దల మధ్య దూరమూ తగ్గుతుంది.

ఈ ఒక్క గంట బడికి బదులు కాదు. టీచర్ ఖాళీల గురించి, బడి వసతుల గురించి ప్రభుత్వాన్ని అడగడం మానకూడదు. చూపులో, వినికిడిలో తేడా అనిపించిన బిడ్డను డాక్టర్‌కు చూపించాలి. కానీ అవన్నీ తేలేదాకా మూడో తరగతి బిడ్డ ఆగదు, వచ్చే ఏడాది నాలుగుకు పోతుంది. వచ్చే జుమా తర్వాత మీ మస్జిద్ కమిటీ పెద్దలతో పది నిమిషాలు కూర్చోండి. రెండు ప్రశ్నలు అడగండి: మన దగ్గర రోజుకు ఒక గంట ఖాళీగా ఉండే గది ఏది? మన మొహల్లాలో చదవలేకపోతున్న పిల్లలు ఎంతమంది? రెండో ప్రశ్నకు ఎవరి దగ్గరా జవాబు లేకపోతే, రెండో తరగతి వాచకం పట్టుకుని ఆ లెక్క తేల్చడమే మొదటి పని.