పసుపు జెర్సీ... నల్ల మరక!

మూడు వారాల పందెం. మూడువేల మూడొందల కిలోమీటర్లకు పైగా దూరం. దారిలో ఆల్ప్స్, పైరనీస్ పర్వతాలు. ప్రపంచంలో ఎంతో కష్టమైన సైకిల్ పందెంగా పేరున్న టూర్ డి ఫ్రాన్స్ ఇదే. అందులో గెలవడం ఒక ఎత్తు. నిజాయతీగానే గెలిచానని జనాన్ని నమ్మించడం మరో ఎత్తు!

2015 జులై 18. దక్షిణ ఫ్రాన్స్‌లోని రోడే నుంచి మాండ్ పట్టణానికి వెళ్లే దారి. రోడ్డుకు రెండు పక్కలా జనం. చప్పట్లు, కేకలు, ఈలలు. పసుపు జెర్సీ వేసుకున్న బ్రిటన్ సైక్లిస్టు క్రిస్ ఫ్రూమ్ వాళ్ల మధ్య నుంచి దూసుకొస్తున్నాడు. అంతలో గుంపులోంచి ఒకడు 'డోపర్' అని అరుస్తూ కప్పులోంచి ఏదో అతడి మీదికి విసిరాడు. నీళ్లు కాదు... మూత్రం! ఆ రోజు పందెం ముగిశాక ఫ్రూమే ఈ సంగతి బయటపెట్టాడు.

అప్పటికి ఫ్రూమ్ ఏ పరీక్షలోనూ పట్టుబడలేదు. అతడు తప్పు చేశాడనడానికి ఆ మనిషి దగ్గర ఒక్క ఆధారమూ లేదు. మరి అంత కోపం ఎందుకు? ఎందుకంటే అదే పసుపు జెర్సీ వేసుకుని, అదే దారుల్లో చేతులు పైకెత్తి నవ్విన వీరులు కొందరు తర్వాత దొంగలని తేలింది. వాళ్లు చేసిన అప్పును వెనకాల వచ్చినవాళ్లు తీరుస్తున్నారన్నమాట!

గాలే అసలు శత్రువు

టూర్ డి ఫ్రాన్స్ 1903లో మొదలైంది. ఎల్ ఆటో అనే పత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి పెట్టిన పోటీ అది. ఆ పత్రికను పసుపు కాగితం మీద అచ్చేసేవారు. 1919 నుంచి ముందంజలో ఉన్న సైక్లిస్టుకు ఇస్తున్న జెర్సీదీ అదే రంగు. ఇప్పుడు పందెం రోజుకొకటి చొప్పున 21 అంచెల్లో జరుగుతుంది. మధ్యలో రెండు రోజులు విశ్రాంతి. అన్ని అంచెలూ కలిపి అందరికంటే తక్కువ సమయంలో పూర్తిచేసినవాడు విజేత.

చూడ్డానికి ఎవరి సైకిలు వాళ్లు తొక్కుకునే ఆటే. నిజానికి ఇది జట్టు ఆట. ఎదురుగాలిలో సైకిలు తొక్కినవాళ్లకు ఆ కిటుకు చెప్పక్కర్లేదు. ముందువాడి వెనక చక్రానికి ఆనుకున్నట్టుగా వెళ్తే గాలి దెబ్బ అతడికే తగులుతుంది. వెనకున్నవాడికి దాదాపు మూడోవంతు శక్తి మిగులుతుంది. రోజుకు నాలుగైదు గంటలు, మూడు వారాలపాటు అలా మిగుల్చుకున్న శక్తే చివరికి గెలుపోటములను తేలుస్తుంది.

అందుకే ఒక్కో జట్టులో ఎనిమిదిమంది ఉంటారు. 2017 వరకూ తొమ్మిదిమంది ఉండేవారు. అందులో గెలవగల సత్తా ఉన్నవాడు ఒక్కడే నాయకుడు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది అతడి కోసమే ఉంటారు. వాళ్లను దొమెస్టీక్ అంటారు. ఫ్రెంచిలో ఆ మాటకు పనివాడని అర్థం. జట్టు కారు దగ్గరికి వెనక్కి వెళ్లి నీళ్ల సీసాలు జెర్సీలో కుక్కుకుని రావడం, నాయకుడికి గాలి తగలకుండా ముందు నడవడం, పోటీదారు ఎవరైనా పారిపోతే వెంటపడటం, కొండ ఎక్కేటప్పుడు ఓపికున్నంతవరకూ లాగి పక్కకు తప్పుకోవడం... ఇదీ వాళ్ల పని. టూర్ విజేతకు ఇచ్చే అయిదు లక్షల యూరోలను సహచరులతో పంచుకోవడం అక్కడి ఆనవాయితీ. గెలుపు తన ఒక్కడిదే కాదని అతడికీ తెలుసు మరి!

రాజు కోసం బంటు

1934లో ఫ్రాన్స్ జట్టు నాయకుడు ఆంతొనిన్ మాన్య. పైరనీస్ కొండ దిగుతుండగా కిందపడ్డాడు. చక్రం విరిగింది. వెనకే ఉన్న 20 ఏళ్ల రెనే వియెట్టో మారుమాట్లాడకుండా తన సైకిలు ముందు చక్రం తీసి ఇచ్చేశాడు. తర్వాత సాయం కోసం ఎదురుచూస్తూ రోడ్డు పక్క రాతిగోడ మీద కూర్చుని ఏడ్చాడు. మర్నాడు మాన్య సైకిలు మళ్లీ మొరాయించింది. అప్పటికే ముందుకెళ్లిపోయిన వియెట్టో వెనక్కి తిరిగొచ్చి ఈసారి ఏకంగా సైకిలే ఇచ్చేశాడు. ఆ ఏడాది టూర్ మాన్య గెలిచాడు. ఫ్రాన్స్ జనం మనసు మాత్రం గోడ మీద కూర్చుని ఏడ్చిన కుర్రాడే గెలిచాడు.

జట్టు ఎత్తుగడ ఎలా ఉంటుందో 2022 జులై 13న ప్రపంచం చూసింది. అప్పటికి వరసగా రెండుసార్లు గెలిచిన స్లొవేనియా కుర్రాడు తదేయ్ పొగాచర్ మంచి ఊపుమీద ఉన్నాడు. అతణ్ని ఒంటరిగా ఎవరూ ఓడించలేరని యుంబో-విస్మా జట్టుకు తెలుసు. వాళ్ల దగ్గర ఇద్దరు పోటీదారులున్నారు. ఒకరు ప్రిమోజ్ రోగ్లిచ్, మరొకరు యోనాస్ వింగెగార్డ్. గలిబియే కొండ దారిలో ఒకడు దూకుతాడు. పొగాచర్ పట్టుకుంటాడు. వెంటనే రెండోవాడు దూకుతాడు. మళ్లీ పట్టుకోవాలి. అలా ఒక్కణ్ని ఇద్దరు కలిసి అలిసిపోయేలా చేశారు. చివరి కొండ గ్రానాన్ మీద వింగెగార్డ్ మరోసారి దూకాడు. ఈసారి పొగాచర్ కాళ్లు కదల్లేదు. ఒక్క కొండ మీద 2 నిమిషాల 51 సెకన్లు కోల్పోయాడు, పసుపు జెర్సీ కూడా పోయింది. గాయంతోనే బరిలో ఉన్న రోగ్లిచ్ ఆ రోజు బాగా వెనకబడ్డాడు. కొన్ని రోజులకు పందెం నుంచే తప్పుకున్నాడు. వింగెగార్డ్ విజేత అయ్యాడు.

ఒకడి కోసం మరొకడు అరిగిపోవడం... ఈ ఆటకున్న అందమంతా అదే. చిత్రమేమిటంటే, మోసం కూడా ఆ అందం చాటునే పెరిగింది.

కారులో దొరికిన గుట్టు

1998 జులై 8. టూర్ మరో మూడు రోజుల్లో మొదలవుతుందనగా ఫ్రాన్స్-బెల్జియం సరిహద్దులో కస్టమ్స్ అధికారులు ఒక కారును ఆపారు. అది ఫెస్టీనా జట్టు కారు. నడుపుతున్నది ఆ జట్టు మాలీషువాడు విల్లీ వోట్. లోపల వందలకొద్దీ మందు సీసాలు. వాటిలో ముఖ్యమైనది ఈపీఓ.

డయాలసిస్ చేయించుకునేవాళ్లు ఇంట్లో ఉంటే ఈ పేరు వినే ఉంటారు. మూత్రపిండాలు తయారుచేసే హార్మోను ఇది. ఎర్ర రక్తకణాలు పుట్టడానికి కావాలి. కిడ్నీలు పాడైనవారికి రక్తం తగ్గిపోకుండా దీన్ని ఇంజెక్షన్‌గా ఇస్తారు. అదే మందును ఆరోగ్యంగా ఉన్న సైక్లిస్టు తీసుకుంటే? ఎర్రకణాలు పెరుగుతాయి. కండరాలకు మరింత ఆక్సిజన్ అందుతుంది. కొండ ఎక్కినా ఆయాసం రాదు. కానీ రక్తం చిక్కబడుతుంది. మోతాదు మించితే గడ్డకట్టి ప్రాణానికే ముప్పు. 1990ల్లో దీన్ని పట్టుకునే పరీక్షే లేదు. అందుకే 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒక గీత గీసింది. రక్తంలో ఎర్రకణాల వాటా 50 శాతం దాటితే పందెంలోకి రానివ్వరు. జట్లు ఏం చేశాయి? గీత దాటకుండా మందు వాడటం నేర్చుకున్నాయి!

ఫెస్టీనా కేసులో అసలు విషయం మందు కాదు, ఏర్పాటు. డాక్టరు పర్యవేక్షణలో జట్టే పద్ధతి ప్రకారం మందులిచ్చేదని మేనేజరు ఒప్పుకున్నాడు. జట్టును పందెం నుంచి వెళ్లగొట్టారు. దాంతో మిగిలినవాళ్లు శుద్ధమయ్యారా? ఆనాటి నమూనాలను తర్వాత మళ్లీ పరీక్షించగా ఏం తేలిందో 2013లో ఫ్రాన్స్ సెనేట్ నివేదిక బయటపెట్టింది. ఆ ఏడాది విజేత మార్కో పంటాని, రెండోస్థానంలో నిలిచిన యాన్ ఉల్‌రిచ్... ఇద్దరి నమూనాల్లోనూ ఈపీఓ ఉంది.

ఏడేళ్ల అబద్ధం

ఆ మచ్చ చెరిపేసే కథ కోసం జనం ఎదురుచూస్తున్న వేళ, 1999లో లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చాడు. 25 ఏళ్ల వయసులో వృషణాల క్యాన్సర్. ఊపిరితిత్తులకూ మెదడుకూ పాకింది. చావు అంచుల నుంచి తిరిగొచ్చిన ఆ అమెరికన్ టూర్ గెలిచాడు. అలా ఒకటీ రెండూ కాదు, 2005 దాకా వరసగా ఏడుసార్లు! క్యాన్సర్ రోగుల కోసం అతడి సంస్థ అమ్మిన పసుపు రబ్బరు పట్టీలు కోట్లల్లో అమ్ముడుపోయాయి.

2012 అక్టోబరులో అమెరికా డోపింగ్ నిరోధక సంస్థ నివేదికతో ఆ మేడ కూలిపోయింది. ఆర్మ్‌స్ట్రాంగ్‌కి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పినవారిలో పదకొండుమంది ఒకప్పటి సహచరులే. నాయకుడి కోసం గాలిని అడ్డుకున్నవాళ్లే అతడితో కలిసి ఈపీఓ తీసుకున్నారు, అతడితో కలిసి రక్తం ఎక్కించుకున్నారు. 1999 టూర్‌లో ఒకతను మోటారు సైకిల్ మీద వెంట వస్తూ మందు అందించేవాడని టైలర్ హామిల్టన్ చెప్పాడు. 2004లో కొండదారిలో ఇంజిన్ పాడైనట్టు నటించి బస్సు ఆపి, అందులోనే రక్తం ఎక్కించారని ఫ్లాయిడ్ లాండిస్ చెప్పాడు. ఆ లాండిస్ కూడా 2006లో టూర్ గెలిచి, పరీక్షలో దొరికి కిరీటం పోగొట్టుకున్నవాడే! 2013 జనవరిలో ఓప్రా విన్‌ఫ్రే టీవీ కార్యక్రమంలో ఆర్మ్‌స్ట్రాంగ్ తప్పు ఒప్పుకున్నాడు.

నోరు విప్పితే ఒంటరే

మరి ఇన్నేళ్లూ నిజం చెప్పేవాళ్లే లేరా? ఉన్నారు. వాళ్లకేం జరిగిందో చూడండి.

క్రిస్టోఫ్ బాసోన్స్ అనే ఫ్రెంచి సైక్లిస్టు ఫెస్టీనా జట్టులో ఉండి కూడా మందు ముట్టనివాడు. 1999 టూర్‌లో వేరే జట్టు తరఫున తొక్కుతూ, పందెం ఇంకా అనుమానాస్పదంగానే ఉందంటూ పత్రికలో రాశాడు. అంతే! గుంపు అతణ్ని వెలివేసింది. ఆర్మ్‌స్ట్రాంగ్ పక్కకొచ్చి, నీకిక్కడ పనిలేదు పొమ్మన్నట్టు మాట్లాడాడు. సొంత జట్టువాళ్లూ అండగా నిలవలేదు. ముందువాడి నీడ లేకపోతే బతకలేని ఆటలో అతడికి నీడ ఇచ్చేవాళ్లే లేకుండాపోయారు. టూర్ మధ్యలోనే వెళ్లిపోయాడు. రెండేళ్లకు ఆటే మానేశాడు.

ఇటలీకి చెందిన ఫిలిప్పో సిమియోనీ, తనకు ఈపీఓ వాడటం నేర్పింది డాక్టర్ మికెలె ఫెరారీ అని కోర్టులో చెప్పాడు. ఫెరారీ ఆర్మ్‌స్ట్రాంగ్‌కీ గురువు. 2004 టూర్‌లో సిమియోనీ ముందుకు దూకితే, పసుపు జెర్సీలో ఉన్న ఆర్మ్‌స్ట్రాంగ్ స్వయంగా వెంటపడి అతణ్ని వెనక్కి రప్పించాడు. పెదాలకు జిప్పు వేసుకున్నట్టు కెమెరాల ముందు సైగ చేశాడు. జట్టులో మాలీషు చేసిన ఎమ్మా ఓరైలీ తాను చూసింది విలేకరికి చెప్పినందుకు దావాలు ఎదుర్కొంది. వీళ్లలో కొందరిని కలిసి ఆర్మ్‌స్ట్రాంగ్ క్షమాపణ అడిగింది 2013లో. పోయిన ఏళ్లు మాత్రం తిరిగిరావుగా!

విజేత లేని ఏడేళ్లు

విజేతల పట్టికలో రెండు ప్రపంచ యుద్ధాల కాలం ఖాళీగా ఉంటుంది. అప్పుడు పందెమే జరగలేదు. 1999 నుంచి 2005 వరకూ కూడా ఖాళీయే. అప్పుడు పందెం జరిగింది, విజేత లేడు! ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు కొట్టేసి, ఆ గౌరవం మరెవరికీ ఇవ్వకూడదని సమాఖ్య నిర్ణయించింది. ఇద్దామన్నా ఎవరికిస్తారు? ఆ ఏడేళ్లలో మూడుసార్లు రెండోస్థానంలో ఉన్నది ఉల్‌రిచ్. 2010లో గెలిచిన అల్బెర్టో కాంటడార్ టైటిల్ కూడా 2012లో పోయింది.

తర్వాత నిఘా పెరిగింది. 2008 నుంచి ప్రతి సైక్లిస్టుకూ రక్త వివరాల చిట్టా రాస్తున్నారు. మందు దొరక్కపోయినా ఆ అంకెల్లో తేడా వస్తే నిలదీస్తారు. ఆటగాళ్లు రోజూ ఒక గంట ఎక్కడ దొరుకుతారో ముందే చెప్పాలి. 2016లో ఒక పోటీలో సైకిలు లోపల దాచిన మోటారు దొరకడంతో సైకిళ్లకూ ఎక్స్‌రేలు తప్పడం లేదు. 2025 ఫిబ్రవరిలో, శిక్షణ పేరుతో పదేపదే కార్బన్ మోనాక్సైడ్ పీల్చడాన్ని సమాఖ్య నిషేధించింది.

అయినా అనుమానం చావలేదు. 2024 జులైలో ప్లాటో దె బే కొండ మీద పొగాచర్, 1998లో పంటాని నెలకొల్పిన రికార్డును మూడు నిమిషాలకు పైగా తేడాతో చెరిపేశాడు. ఈపీఓ కాలంనాటి వేగాన్ని మందు లేకుండా దాటడం సాధ్యమేనా? గాలిని చీల్చే సైకిళ్లు, మెరుగైన టైర్లు, తొక్కుతూనే గంటకు వంద గ్రాములకు పైగా పిండి పదార్థాలు తీసుకునే పద్ధతి, శాస్త్రీయ శిక్షణ... ఇవన్నీ కారణాలంటారు జట్లవాళ్లు. పొగాచర్ ఏ పరీక్షలోనూ విఫలం కాలేదు. 2025తో కలిపి నాలుగుసార్లు టూర్ గెలిచాడు. ఫ్రూమ్‌దీ అదే లెక్క. ఉబ్బసం మందు మోతాదుపై 2017లో వచ్చిన కేసును 2018లో కొట్టేశారు. అతడి నాలుగు విజయాలూ పట్టికలో అలాగే ఉన్నాయి.

పరీక్షలో దొరకలేదంటే సరిపోదా అంటే... దొరకలేదన్న మాటనే ఆర్మ్‌స్ట్రాంగ్ ఏళ్ల తరబడి డాలుగా వాడుకున్నాడు. అది జనం మర్చిపోలేదు. అందుకే నిజంగా చెమటోడ్చి గెలిచినవాడు సైతం కొండతో, గాలితో పాటు ఆ పాత అబద్ధంతో కూడా పోటీపడాల్సి వస్తోంది.

తొంభై ఏళ్ల కిందట వియెట్టో చక్రం ఇచ్చాడు. దాన్ని విధేయత అన్నారు. పాతికేళ్ల కిందట వందలమంది నోరు మూసుకున్నారు. దాన్నీ విధేయతే అనుకున్నారు. రెండింటికీ తేడా చెప్పినవాడు బాసోన్స్. ఆ ఏడేళ్ల పట్టికలో విజేత పేరు లేదు. నిజం చెప్పినవాళ్ల పేర్లు రాయడానికి అందులో గడి లేదు!