ఫిట్ సెక్రటరీ కాక రిటైరైండు

"సన్మాన పత్రం నువ్వే రాయాలె బిడ్డా. నీకు తెలుగు మంచిగొస్తది గదా!"

మందమర్రి నుంచి ఫోన్. అవతల యూనియన్ ఆఫీసు పెద్దమనుషులు. ఈ నెలాఖరుకి కాక రిటైర్ అవుతున్నాడు, ఫంక్షన్‌కి పది రోజులే ఉంది. నేను హైదరాబాద్‌లో ఓ కంపెనీకి కంటెంట్ రాస్తాను కాబట్టి, మా క్వార్టర్ల లైన్‌లో నేనే పెద్ద రచయిత్రిని అన్నమాట!

ఆ రాత్రే కూర్చుని రాసేశా. 'కార్మిక లోకపు ధ్రువతార', 'అలుపెరగని పోరాట యోధుడు', 'బడుగుల ఆశాజ్యోతి'... సన్మాన పత్రంలో ఉండాల్సినవన్నీ వేశా. వాట్సాప్‌లో పంపితే పొద్దున్నే కాక నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఎవలు బిడ్డా ఈ యోధుడు? నాకైతే తెల్వది."

అంతే. మళ్లీ మొదటికొచ్చింది.

కాక మాకు రక్త సంబంధం కాదు. మా బాపుతో ఒకే షిఫ్టు, మా వెనక క్వార్టరు. 1987లో బదిలీ ఫిల్లర్‌గా బాయిలో దిగాడు. తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే పని. కోల్‌బెల్ట్ బయట పెరిగిన వాళ్ల కోసం చెప్తున్నా, మా దగ్గర బాయి అంటే నీళ్ల బావి కాదు, బొగ్గు గని. ఫిట్ సెక్రటరీ అంటే ఆ గనిలో యూనియన్‌కి బాధ్యుడు. అసలు మాట 'పిట్', మా నోళ్లలో పడి 'ఫిట్' అయింది. టీవీలో కనిపించే నాయకుడు కాదు. పొద్దున షిఫ్టు మొదలు కాకముందే గేటు దగ్గర నిలబడి, "నా నాగాలు ఎక్కువైనయే, చార్జిషీట్ ఇచ్చిన్రు" అనే మనిషి మాట వినేవాడు. కాక ఆ పని 22 ఏళ్లు చేశాడు. ఏ జెండా కింద అని అడక్కండి, చెప్పను. చెప్తే కింద కామెంట్లలో కొట్లాట మొదలవుతుంది!

అసలు ఫిట్ సెక్రటరీ పనంతా లెక్కల్లోనే ఉంటుంది. ఒక ఉదాహరణ చెప్తా. 2025 దాకా అమల్లో ఉన్న గనుల చట్టం ప్రకారం ఏడాదిలో భూగర్భంలో 190 రోజులు, పైన పనిచేస్తే 240 రోజులు హాజరైతేనే జీతంతో కూడిన సెలవులకు లెక్క కుదిరేది. 188 దగ్గర ఆగిపోయిన మనిషికి ఆ రెండు మస్టర్లు ఎక్కడ పోయాయో వెతకాల్సి వచ్చేది. కాక దగ్గర ఎర్ర రెక్సిన్ బ్యాగు ఒకటి ఉండేది. అందులో ఇలాంటి కాగితాలే. చిన్నప్పుడు అందులో డబ్బులుంటాయనుకునేదాన్ని.

మా కాగితాలు కూడా అందులోకి వెళ్లే రోజు వచ్చింది.

2009లో బాపు జ్వరంతో చనిపోయాడు. అప్పుడు బయటపడింది మా ఇంటి గుట్టు. బాపు ఉద్యోగంలో చేరింది పెదనాయిన పేరు మీద. కోల్‌బెల్ట్‌లో దీన్ని మారుపేరు అంటారు. వెనకటి రోజుల్లో అన్న కాగితంతో తమ్ముడు, బామ్మర్ది కాగితంతో బావ బాయిలో చేరిన ఇండ్లు చాలా ఉన్నాయి. తప్పు కంపెనీది కాదు, మాదే. రేషన్ కార్డులో ఒక పేరు, జీతం చీటీలో ఇంకో పేరు. ఇంకా కష్టం ఏంటంటే, ఆ పేరు అసలు సొంతదారు పెదనాయిన ఊళ్లో బతికే ఉన్నాడు. కంపెనీ రికార్డు లెక్కన చనిపోయిన మనిషి, చెరువు కట్ట మీద గొర్లు కాస్తున్నాడు!

చనిపోయిన కార్మికుడి కుటుంబంలో ఒకరికి కారుణ్య నియామకం ఉంటుంది. కానీ చనిపోయిందెవరో ముందు తేలాలి కదా. కాక మా ఊరికి వచ్చాడు. సర్పంచిని, పటేల్‌ను, బాపుతో బడికి పోయిన ముసలాయన్ను కూర్చోబెట్టి వాంగ్మూలాలు రాయించాడు. తహసీల్ ఆఫీసు, నోటరీ, బడి రికార్డు, కొత్తగూడెం హెడ్డాఫీసు. ఎన్నిసార్లు బస్సెక్కాడో లెక్కలేదు. చార్జీలు తీసుకోమంటే, "మీ అమ్మ చేతి సర్వపిండి తిన్న, అయిపాయె" అనేవాడు. మూడేళ్లు పట్టింది. 2012లో మా అన్న బాయిలో చేరాడు. నేను డిగ్రీ చదివింది ఆ జీతంతోనే.

మధ్యలో 2011 సమ్మె ఉంది. తెలంగాణ కోసం సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మె. సింగరేణి కార్మికులు 35 రోజులు బాయి దిగలేదు. ఇప్పుడు దాని మీద పాటలు, రీల్స్ ఉన్నాయి. నాకు గుర్తున్నది మాత్రం కిరాణా కొట్టు ఖాతా పుస్తకం. బతుకమ్మ పండక్కి మా లైన్‌లో ఎవరికీ కొత్త బట్టల్లేవు. జీతాల్లేక, అప్పు పుట్టక, కొందరు లోపల్లోపల గొణిగారు. కాక పగలు టెంట్‌లో ఉపన్యాసం చెప్పి, రాత్రి కొట్టాయన దగ్గర కూర్చుని "ఈ పది ఇండ్లకు నాది పూచీ" అని చెప్పి వచ్చేవాడు. ఆ ఉపన్యాసాలు ఒక్కటీ నాకు గుర్తులేదు. పూచీ గుర్తుంది.

అందుకే రెండో డ్రాఫ్ట్‌లో ఇవన్నీ రాశా. ఈసారి కాక ఇంటికే వెళ్లి చదివి వినిపించా. విని, కాసేపు ఊరుకున్నాడు.

"చేసినవి రాసినవ్. చేయలేనివి గూడ రాయి."

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకుముందు సాయంత్రమే మా స్కూల్ ఫ్రెండ్ ఒకడు కలిశాడు. కాంట్రాక్ట్ కార్మికుడు. "మీ కాక మంచోడే, కాదన. మరి మాకేం ఒరిగింది?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. కానీ జవాబు రాలేదు. 2023లో కుదిరిన 11వ బొగ్గు వేతన ఒప్పందంలో పర్మనెంట్ వాళ్లకు 19 శాతం పెరిగింది. అదే గేటులోంచి వెళ్లే నా ఫ్రెండ్‌కి ఆ లెక్క వర్తించదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా పర్మనెంట్ కార్మికులు ఉండేవాళ్లు. ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు, కాంట్రాక్ట్ పనులు పెరిగాయి. యూనియన్ ఎన్నికల్లో ఓటు మాత్రం ఆ 40 వేల మందిదే.

ఆ మాట కాకకి చెప్పా. బాధపడతాడనుకున్నా.

"అడగాల్సిందే అడిగిండు" అన్నాడు. "2022ల వాళ్లు సమ్మె చేసిన్రు గదా. నేను రోజూ వాళ్ల టెంట్ కాడికి పోయిన. కూసున్న, మాట్లాడిన. మళ్ల రెండో షిఫ్టుకు బాయిల దిగిన. మావోళ్లందరు దిగిన్రు. బొగ్గు ఆగలే. వాళ్లు ఒక్కళ్లే అయిన్రు. రాయి ఇది."

రాశా. కమిటీ వాళ్లు చూసి తల అడ్డంగా ఊపారు. "ఇది సన్మాన పత్రమా, చార్జిషీటా?" అన్నారొకరు. చివరికి ఫ్రేమ్ కట్టించిన పత్రంలో మా బాపు కథా లేదు, కాంట్రాక్ట్ వాళ్ల మాటా లేదు. 'ధ్రువతార' మాత్రం తిరిగొచ్చింది. ఏం చేస్తాం!

ఫంక్షన్ బాగా జరిగింది. చివరి షిఫ్టు అయ్యాక క్యాప్ ల్యాంప్ అప్పగించి కాక పైకి రాగానే డప్పులు మొదలయ్యాయి. శాలువాలు ఎన్నో లెక్కపెట్టలేదు. నాలుగు గోడ గడియారాలు వచ్చాయి. వేరే జెండా వాళ్లు కూడా వచ్చి దండ వేశారు. నా ఫ్రెండ్ వెనక వరసలో నిలబడి చప్పట్లు కొట్టాడు, కొంచెమే.

ఎవరో మైకులో, "రిటైరైనా మీరే నాయకత్వం చేయాలె" అన్నారు. నిజానికి చట్టం కూడా అడ్డు కాదు. ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో చేసిన సవరణ నుంచీ, రిటైర్ అయిన ఉద్యోగిని యూనియన్ పదవి విషయంలో బయటివాడిగా చూడరు. కాక ఒప్పుకోలేదు. సింగరేణిలో రిటైర్మెంట్ వయసు 2021లో 60 నుంచి 61కి పెరిగినప్పుడే, "ఒక్క ఏడు బోనస్, ఇగ చాలు" అన్న మనిషి.

మైక్ తీసుకుని పెద్దగా ఏం మాట్లాడలేదు. ఎర్ర బ్యాగు తెరిచి, కొత్త ఫిట్ సెక్రటరీని పిలిచాడు. ముప్పై ఐదేళ్లు ఉంటాయేమో అతనికి, చేతిలో ఫోన్, సెల్ఫీ అనుకుని నవ్వుతూ వచ్చాడు. కాక దారం కట్టిన నాలుగు ఫైళ్లు అతని చేతిలో పెట్టాడు.

"ఇవి నాతోని కాలే. ఒకటి మారుపేరు కేసు. ఆమె అగో, మూడో వరసల కూసున్నది. ముందుగాల ఆమెతోని మాట్లాడు."

సెల్ఫీ దిగలేదు. అతను స్టేజి దిగి మూడో వరస దాకా వెళ్లాడు. ఆమె కొంగు ముడి విప్పి మడతపెట్టిన కాగితం ఏదో తీసింది. డప్పుల మోతలో వాళ్లేం మాట్లాడుకున్నారో వినిపించలేదు.

భోజనాల దగ్గర ఆమె కాక దగ్గరికొచ్చింది. "కొత్త సారు ఫోన్ ఎత్తుతడా అన్నా?"

"ఎత్తుతడు. రెండుసార్లు చెయ్యి."

"ఎత్తకపోతే?"

కాక అన్నం కలుపుతున్న చెయ్యి ఆపి, నా వైపు చూసి, మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"నా నంబర్ తీసెయ్యలే గదా?"