పిల్లలూ, ధర్మసంకటాలూ

కథ ముగియగానే నీతి చెప్పేస్తే పిల్లలకు ఆలోచించవలసిన పని మిగలదు. తప్పొప్పుల మధ్య ఎంపిక ధర్మసంకటం కాదు. రెండు ధర్మాలు ఎదురుపడి, ఒకదాన్ని నిలపడానికి రెండవదాన్ని వదులుకోవలసి రావడమే ధర్మసంకటం.

ద్రోణపర్వంలో ధర్మరాజుది అదే స్థితి. అశ్వత్థామ మరణించాడంటే సత్యం పోతుంది. అనకపోతే నమ్ముకున్న సైన్యం పోతుంది. "అతడు చేసినది తప్పా?" అని అడిగితే పిల్లలు ఒక్కమాటలో బదులిస్తారు. "ఏం పోగొట్టుకున్నాడు?" అని అడిగితే ఆగి ఆలోచిస్తారు.

పియాజే 1932 నాటి గ్రంథంలో పిల్లల ముందుంచిన ప్రశ్న ప్రసిద్ధం. తలుపు తోస్తూ తెలియక 15 కప్పులు పగలగొట్టిన బాలుడిది పెద్ద తప్పా, దొంగతనంగా జామ్ తీయబోయి ఒక్కటి పగలగొట్టినవాడిదా? చిన్నపిల్లలు ఎక్కువగా నష్టాన్ని లెక్కించారు. పెద్దపిల్లలు ఉద్దేశాన్ని చూశారు. తోటివారితో సమానంగా మెలగడం ఈ మార్పుకు దోహదం చేస్తుందని ఆయన భావించాడు.

నిత్యజీవితంలోనూ ఇవి ఎదురవుతాయి. బడిలో తనను వేధిస్తున్నారని చెప్పుకున్న స్నేహితుడు, ఎవరికీ చెప్పవద్దని మాట తీసుకుంటాడు. మాట నిలుపుకోవడమూ ధర్మమే, అతణ్ణి కాపాడడమూ ధర్మమే. "మాట తప్పకు" అన్న సూక్తి ఒక్కటే నేర్చిన బిడ్డ అక్కడ ఒంటరి. దాచితే ఎవరికి నష్టం, చెబితే ఎవరికి నష్టం అని ఇంట్లో ముందే చర్చించి ఉంటే, ఆ బిడ్డ పెద్దల దగ్గరకు రావడానికి జంకదు.