గాలే కదా అని చెయ్యి పెట్టొద్దు!

నాయుడుపేట ప్రాంతపు వరి రైతులకు రైస్ మిల్లు కొత్తేమీ కాదు. నేటి మిల్లుల్లో తొట్టి కింది గేటును, ఉప్పుడు బియ్యం ప్లాంటులో ఆవిరి వాల్వును చేత్తో తిప్పే పని తగ్గుతోంది. మీట నొక్కితే కంప్రెషర్ గాలి సిలిండర్‌లోకి వెళ్లి వాటిని తెరుస్తుంది, మూస్తుంది.

గాలే కదా అని తేలిగ్గా తీసుకోకండి. 100 మిల్లీమీటర్ల సిలిండర్‌లో చదరపు సెంటీమీటరుకు 6 కిలోల ఒత్తిడి ఉంటే తోపు బలం దాదాపు 470 కిలోలు. అంటే 75 కిలోల బస్తాలు ఆరింటి బరువు!

గేటులో వడ్లు ఇరుక్కుంటే ముందు కరెంటు ఆపాలి. గాలి వాల్వు మూసి తాళం వేయాలి. లైనులో మిగిలిన గాలి వదిలేయాలి. స్ప్రింగు రకమైతే గాలి పోగానే గేటు దానంతటదే కదులుతుంది, జాగ్రత్త! స్ప్రింగు డబ్బాను మిల్లులో విప్పనే కూడదు.

కంప్రెషర్ ట్యాంకులో, ఫిల్టర్ గిన్నెలో చేరిన నీళ్లు రోజూ తీసేయండి. లేకుంటే సిలిండర్‌కు తుప్పు పట్టి సీళ్లు పాడవుతాయి. వారానికోసారి అతుకుల దగ్గర సబ్బునీళ్లు పూసి చూడండి. బుడగలొస్తే గాలి పోతున్నట్టే, కరెంటు బిల్లు పెరుగుతున్నట్టే. కంపెనీ చెప్పిన నూనె తప్ప వేరేది పోయొద్దు.

గింజ పోతే మళ్లీ పండించుకోవచ్చు. వేలు పోతే మొలవదు కదా!