పటములు, గూఢచారులు

శత్రువు చేతికి దేశపటము చిక్కినచో దేశములోనికి దారి చిక్కినట్లే. కావుననే ప్రభుత్వములు ధనాగారములవలె పటములను కాచుచు వచ్చినవి. అయితే దాచవలసినది భూమియా, దానిని కొలిచిన మనిషియా, కొలిచిన ఉపాయమా అను వివేకము అన్నివేళల కనబడదు.

1767లో ఏర్పడిన సర్వే ఆఫ్ ఇండియా పందొమ్మిదవ శతాబ్దము నడుమ హిమాలయములకడ ఆగిపోయినది. టిబెట్టులో తెల్లవారికి ప్రవేశము లేదు. అప్పుడు మాంట్‌గోమరీ అను అధికారి కుమావూఁ కొండలలో బడిపంతులుగా నున్న నైన్ సింగ్‌కు కొలతవిద్య నేర్పించినాడు. జపమాలకు నూట ఎనిమిది పూసలుండుట లోకవిదితము. ఈ పంతులుగారి మాలకు నూరే. నూరు అడుగులకు ఒక పూస జరిపెడివాడు. మాల ఒకమారు తిరిగినచో పదివేల అడుగులు, అనగా ఇంచుమించు ఐదు మైళ్ళు. ప్రార్థనచక్రములో మంత్రమునకు మారు కొలతల చీటీలు, గవ్వలలో పాదరసము. 1865లో బయలుదేరి, 1866 జనవరిలో లాసా చేరినాడు. నీరు మరుగు వేడిని బట్టి ఎత్తును, నక్షత్రములను బట్టి అక్షాంశమును గణించినాడు. అనుమతి లేక వచ్చిన ఒకనికి ఆ నగరములో శిరచ్ఛేదము జరుగుట కన్నులార చూచినాడు. తన మాలలోని పూసలను ఎవరైన లెక్కించినచో తన గతియు అంతే.

1868లో ఈ ప్రయాణవృత్తాంతము లండనులో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ పత్రికలో అచ్చయినది. మనిషి పేరు దాచినారు. మాల, చక్రముల మర్మము మాత్రము చెప్పివేసినారు! అదే ఉపాయమును నమ్ముకొని మరికొందరు అటుపైనను ఆ దారులు పట్టినారు. పండితసభలో మెప్పు పొందు తొందరలో వారి ప్రాణములను ఎవరు తలచినట్లు లేదు. 1877లో నైన్ సింగ్‌కు స్వర్ణపతకము వచ్చునాటికి అతని ప్రయాణములు ముగిసినవి గనుక సరిపోయినది.

అమెరికా దీనికి విరుద్ధమైన దారి త్రొక్కినది. డిస్కవరర్ అను శాస్త్రపరిశోధన పేరు చాటున కొరోనా అను గూఢచారి ఉపగ్రహములను పంపినది. 1960 ఆగస్టులో, ఆకాశమునుండి పారాషూటుతో దిగుచున్న ఫిల్ము పెట్టెను ఒక విమానము గాలిలోనే కొక్కెముతో అందుకొన్నది. అంతవరకు యూ-2 విమానములన్నియు చూపిన దానికంటె ఎక్కువ సోవియట్ భూమి ఆ ఒక్క పెట్టెలో కనబడినది. కెమెరా శక్తి తెలిసినచో ఎదుటివారు మరుగులు కట్టుకొందురు గనుక ఈ గోప్యతకు అర్థమున్నది. ఈ పని చూచుటకై 1961లో ఏర్పడిన నేషనల్ రికనైసెన్స్ ఆఫీసు అను సంస్థ ఉన్నదనుటయే 1992 వరకు ఒప్పుకొనకపోవుట మాత్రము అతి. 1972లో ఆగిన కొరోనా చిత్రములు ఎనిమిది లక్షలకు పైగా 1995లో వెల్లడియైనవి. క్షిపణులను వెదకి తీసిన ఆ బొమ్మలలో నేడు పురాతత్త్వవేత్తలు సిరియా, ఇరాకులలోని ప్రాచీనపు బాటలను, దిబ్బలను గుర్తించుచున్నారు.

మనదేశమున సరిహద్దుల, సముద్రతీరముల వివరపటములు చాలకాలము సామాన్యులకు అందలేదు. తీరపు జిల్లాలోని ఉపాధ్యాయుడు తన ఊరి చెరువును సర్వే పటములో విద్యార్థులకు చూపుటయే కష్టముగా నుండెడిది. విదేశీయ ఉపగ్రహచిత్రములలో అదే చెరువుగట్టు తాటిచెట్లతో సహా చేతి ఫోనులో కనబడిన తరువాతను ఆ కట్టుబాట్లు కొంతకాలము నిలిచినవి. 2005 విధానము రక్షణశాఖకు, ప్రజలకు వేరువేరు పటములను ఏర్పరచినది. 2021 ఫిబ్రవరిలో ముందస్తు అనుమతుల అవసరము చాలవరకు తీసివేసినారు. మీటరుకంటె సూక్ష్మమైన కొలతల పటములను తయారుచేయు హక్కు మాత్రము భారతీయసంస్థలకే ఉంచినారు.