తేదీ తప్పితే తంటా!

పొద్దున చాయ్‌తో పాటు ఒక ప్రశ్న! మా బీర్పూర్ కుర్రకారుకు ఇప్పుడిదో అలవాటు. తెల్లారగానే నేను ఫోన్‌లో ప్రశ్న పెడతాను. రాత్రి తొమ్మిదింటికి జవాబు చెబుతాను. షరతు ఒక్కటే. ప్రశ్న ఆ రోజు తేదీతో ముడిపడి ఉండాలి. ఆనాడు పుట్టిన తార కావచ్చు, కన్నుమూసిన గాయకుడు కావచ్చు, విడుదలైన చిత్రం కావచ్చు. ఒప్పుకు ఒక మార్కు. నెలాఖరుకు ఎవరి మార్కులు ఎక్కువైతే వారికి జగిత్యాలలో సినిమా టికెట్టు... నా జేబులోంచే సుమండీ!

మన గడ్డ మీది వాళ్లే!

జూలై 29న ఓసారి అడిగాను: 'గులేబకావళి కథ' (1962)తో సినీగీత రచనకు శ్రీకారం చుట్టిన కవి ఎవరు? డాక్టర్ సి. నారాయణరెడ్డిగారని చాలామందే చెప్పారు. కానీ ఆయన 1931లో పుట్టిన హనుమాజీపేట మన సిరిసిల్ల వైపుదేనని సగం మందికి తెలియదు! 'విశ్వంభర' కావ్యానికి జ్ఞానపీఠం అందుకున్న కవి ఇంత దగ్గరివాడా అని ముక్కున వేలేసుకున్నారు.

సెప్టెంబర్ 28 ప్రశ్నకైతే ఒక్క జవాబూ రాలేదు. 1909లో కరీంనగర్‌లో పుట్టి, బొంబాయి చేరి, మూకీల కాలం నుంచే హిందీ తెర మీద కథానాయకుడిగా వెలిగి, 1980కి దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు పొందిన పైడి జైరాజ్ గారు! ఇంటి పక్క మనిషిని మరిచిపోవడమంటే ఇదే.

తేదీలు పక్కపక్కన పెడితే మరో తమాషా. అల్లూరి సీతారామరాజు నేలకొరిగింది 1924 మే 7న. కృష్ణగారి నూరవ చిత్రం 'అల్లూరి సీతారామరాజు' విడుదలైంది 1974 మే 1న. అంటే యాభై ఏళ్లు నిండటానికి సరిగ్గా ఆరు రోజుల ముందు!

అసలు చిక్కు

ఇక నా పరువు పోయిన కథ చెబుతాను. సెప్టెంబర్ 15న ధీమాగా ప్రశ్న పెట్టాను: '1931లో ఇదే రోజు విడుదలైన తొలి తెలుగు టాకీ ఏది?' అరగంటలో జవాబులు కుప్పపడ్డాయి. అందరిదీ ఒకటే మాట: 'భక్త ప్రహ్లాద'. ఒక్క అమ్మాయి మాత్రం, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్ల, ఇలా రాసింది: "అన్నా, ప్రశ్ననే తప్పు. ఆ రోజు ఆ సినిమా రానేలేదు."

నాకు చిర్రెత్తింది. "చిన్నప్పటి సంది చదువుతున్నం గదా చెల్లే! పుస్తకాలన్నీ తప్పా?" అన్నాను.

"పుస్తకం ఒకదాన్ని చూసి ఒకటి రాస్తరన్నా. సెన్సార్ కాగితం అట్ల రాయదు" అంది.

నోరు మూసుకుని వెతికాను. పిల్ల మాటే నిజం! సినీ పరిశోధకులు రెంటాల జయదేవ గారు పాత రికార్డులు తిరగేసి తేల్చిన సంగతి ఇది. 'భక్త ప్రహ్లాద' సెన్సార్ అయిందే 1932 జనవరి 22న. బొంబాయి కృష్ణా సినిమా థియేటర్లో విడుదలైంది ఫిబ్రవరి 6న. సెన్సార్ కాని బొమ్మ నాలుగు నెలల ముందే ఎలా ఆడుతుంది చెప్పండి? 'ఆలం ఆరా' 1931 మార్చి 14న వచ్చింది. హెచ్.ఎం. రెడ్డిగారే తీసిన 'కాళిదాస్' అదే ఏడాది అక్టోబర్ 31న వచ్చింది. ఆ తర్వాతే మన ప్రహ్లాదుడు.

రాత్రి తొమ్మిదింటికి తప్పు ఒప్పుకున్నాను. ఆ రోజు మార్కులు కొట్టేశాను. మార్కు పోయిన కుర్రాళ్లు మూడు రోజులు నాతో మాట్లాడలేదు! కానీ ఆ పిల్ల అడిగిన మాటే ఇంకా గుచ్చుకుంటోంది: "రేపు పరీక్షల గిదే ప్రశ్న వస్తే నేనేం రాయాలె అన్నా? నిజం రాస్తే మార్కు పోతదేమో."

నా దగ్గర జవాబు లేదు. నాకు ఒక టికెట్టు గొడవ, ఆమెకు ఉద్యోగం. తీరిక వేళ ఆట అనుకున్న తేదీ ఒకరి బతుకులో ఇంత బరువని అప్పుడే తెలిసింది. ఇప్పుడు రెండు చోట్ల సరిచూడందే ప్రశ్న పెట్టడం లేదు.

ఆ నెల టికెట్టు ఆమెకే. "రెండియ్యన్నా, ఒక్కదాన్నే అమ్మ పోనియ్యది" అంది. ఇవ్వక చస్తానా!

ఇక మీ వంతు!

1. 1957 మార్చి 27న వచ్చిన విజయా వారి చిత్రరాజం?
2. 1963 మార్చి 29న వచ్చిన తొలి పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రం?
3. 1986 మార్చి 21న వచ్చిన తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రం?
4. 'ఆలం ఆరా', 'కాళిదాస్', 'భక్త ప్రహ్లాద' మూడింటిలోనూ నటించిన తెలుగువాడు?

జవాబులు: 1. మాయాబజార్ 2. లవకుశ 3. సింహాసనం 4. ఎల్.వి. ప్రసాద్.

నాలుగూ చెప్పారా? భేష్! అయినా నా మాట నమ్మి ఊరుకోకండి. ఒకసారి మీరూ సరిచూసుకోండి!